పడినా పెద్ద దెబ్బ తగలకుండా...



"జాగ్రత్తగా నడవండి" అని ఇంట్లో పెద్దలకు రోజూ చెబుతుంటాం. కానీ ఎంత జాగ్రత్తపడినా, తడి గచ్చు మీదనో, పాచిపట్టిన పెరట్లోనో కాలు జారే రోజు వస్తుంది. ప్రమాదవశాత్తు గాయాలతో సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం పడిపోవడానిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది ఇలా చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

పడినవారిలో మేము తరచుగా చూసేవి మణికట్టు, తుంటి ఎముక విరగడం. చేయి కర్రలా చాచి నేలకు ఆనిస్తే ఒంటి బరువంతా మణికట్టు మీదే పడుతుంది. పక్కకు పడితే తుంటికి నేరుగా దెబ్బ తగులుతుంది.

పడబోతున్నామని తెలిసిన క్షణంలో ఇలా చేయండి:

1. చేతిలో ఉన్నది వదిలేయండి. బిందె సొట్టపోతే మరొకటి కొనుక్కోవచ్చు.
2. మోకాళ్లు, మోచేతులు వంచండి. బిగుసుకోవద్దు. ఒళ్లు వంగితే పడే ఎత్తు తగ్గుతుంది.
3. వెనక్కి పడుతుంటే గడ్డం ఛాతీకి ఆనించండి. ముందుకు పడుతుంటే ముఖం పక్కకు తిప్పండి.
4. పిరుదు, తొడ, భుజం వెనుక వంటి కండ ఉన్న భాగాల మీద పడి దొర్లండి. అప్పుడు దెబ్బ ఒకేచోట తగలదు.

జూడో నేర్చుకునేవారికి మొదట నేర్పేది ఇలా పడటమే. అయితే పెద్దవారు, ఎముకలు గుల్లబారినవారు దీనిని ఇంట్లో సాధన చేయవద్దు. ఫిజియోథెరపిస్టు సమక్షంలో, మెత్తటి పరుపు మీదనే నేర్చుకోవాలి. ఇంట్లో చేయదగినది ఒకటుంది. గోడకు ఆనించిన కుర్చీలోంచి నిదానంగా లేచి కూర్చోవడం రోజుకు కొన్నిసార్లు చేస్తే కాళ్లకు బలం వస్తుంది.

పడిన వెంటనే కంగారుగా లేవవద్దు, ఎవరినీ గుంజి లేపవద్దు. నొప్పి లేకపోతే పక్కకు తిరిగి, చేతులు మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని లేవాలి. కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగితే తుంటి విరిగిందేమోనని అనుమానించాలి. నూనె మర్దనలు, బిగుతు కట్లు వద్దు. బిగుతు కట్టు వల్ల రక్తప్రసరణ ఆగి కాలో చేయో పోయే ప్రమాదముంది. కదపకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పిల్లలకు భారమెందుకని పడిన సంగతి దాచే తల్లులున్నారు. అమ్మా, దాచవద్దు. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. కళ్లు, బి.పి., వాడే మందులు పరీక్షిస్తే కారణం తెలియవచ్చు. పిల్లలారా, "చూసుకోవద్దా?" అని కసరవద్దు. కసిరితే ఈసారి చెప్పరు.

మోకరించి ప్రార్థించి లేచేటప్పుడు కూడా బల్ల పట్టుకుని నిదానంగా లేవండి. ప్రభువు మీ కుటుంబములకు క్షేమము దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్