కొలబద్దకు అందని పిల్లలు

1905వ సంవత్సరమున కుంభకోణమునకు చెందిన పదిహేడేండ్ల విద్యార్థి యొకడు ఇంట ఎవరికిని చెప్పక రైలెక్కి విశాఖపట్టణమునకు వెళ్ళిపోయెను. కళాశాలలో అతనికి లభించిన స్కాలర్‌షిప్పు పోవుటయే అందులకు కారణము. గణితము తప్ప మరియొక విషయమునందు అతని మనస్సు నిలువదయ్యెను. ఇంగ్లీషు పరీక్షలో తప్పెను. తరువాత మదరాసులో మరియొక కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణుడు కాలేదు. ఆ విద్యార్థియే శ్రీనివాస రామానుజన్.

ఈ కథను మనము సాధారణముగా ఒక విధముగ చెప్పుకొందుము: “చూచితిరా! నిజమైన ప్రతిభ ఎన్ని అడ్డంకులు వచ్చినను బయటపడియే తీరును.” కాని నడుమ జరిగినది గమనింపుడు. 1910వ సంవత్సరము చివర నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారు రామానుజన్ నోటుపుస్తకములను చూచిరి. స్వయముగా గణితప్రియులైన ఆయన కొంతకాలము నెలకు ఇరువదియైదు రూపాయలు పంపిరి. 1912లో మదరాసు పోర్టుట్రస్టునందు ముప్పది రూపాయల గుమాస్తా పని దొరికెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖతో దశ మారినది; ఆ యేడే మదరాసు విశ్వవిద్యాలయము నెలకు డెబ్బదియైదు రూపాయల పరిశోధక వేతన మిచ్చెను.

1905 నుండి 1913 వరకు ఎనిమిదేండ్లు. ఆయన జీవించినదే ముప్పది రెండేండ్లు. అందులో నాలుగవ వంతు కాలము గుర్తింపు లేకయే గడచిపోయెను. ఆ కాలమున ఆయన గణితమును విడువలేదు, నిజమే. కాని నూతన విషయములతో పాటు, ఐరోపాలో ఇతరులు ముందే కనుగొనియున్న అనేక విషయములను గూడ ఒంటరిగా మరల కనుగొనుచుండెను. కాబట్టి ఈ కథ చెప్పు నీతి వేరు: ప్రతిభ తనంత తాను దారి చూచుకొనునని ఊరకుండరాదు. దానిని గుర్తించువారు కావలెను. అదియు సకాలమున కావలెను.

ప్రజ్ఞను కొలుచుట

అదే 1905వ సంవత్సరమున పారిస్ నగరములో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమన్ అను నిరువురు పిల్లల ప్రజ్ఞను కొలుచుటకు ఒక పరీక్షను ప్రకటించిరి. చదువులో వెనుకబడి ప్రత్యేక సహాయము అవసరమైన పిల్లలను గుర్తించుటయే వారి ఉద్దేశము. సామాన్యముగా ఏ వయస్సు పిల్లలు ఏ ప్రశ్నలకు సమాధానము చెప్పగలరో చూచి వారు ప్రశ్నలను వరుసగా నమర్చిరి. పదేండ్ల బాలిక పదునాలుగేండ్లవారు చేయు ప్రశ్నలను చేయగలిగినచో ఆమె మానసిక వయస్సు పదునాలుగు. దానిని అసలు వయస్సుతో భాగించి నూటితో గుణించిన 140 వచ్చును. దీనికి ప్రజ్ఞాలబ్ధి యని పేరు. ఈ భాగహారమును 1912లో జర్మనీ దేశీయుడైన స్టెర్న్ సూచించెను. నేటి పరీక్షలలో ఈ భాగహారము లేదు. ఒకే వయస్సు పిల్లల సగటును 100గా గ్రహించి, ఒక్కొక్కరు ఆ సగటునుండి ఎంత దూరమున నున్నారో గణింతురు. ఈ లెక్కన ఇంచుమించు నూటికి ఇద్దరు 130కి పైన నుందురు. అనగా అయిదువందలమంది చదువు హైస్కూలులో సగటున పదిమంది. ఒకచోట తక్కువ, మరియొకచోట ఎక్కువ ఉండవచ్చును గాని, ఇట్టి పిల్లలు మన పాఠశాలలో లేరను మాట మాత్రము నమ్మదగినది కాదు.

అమెరికాలో ఇట్టి పిల్లలను గూర్చి శ్రద్ధగా పరిశీలించిన లెటా హాలింగ్‌వర్త్ ఒక విషయమును గమనించెను: ప్రజ్ఞాలబ్ధి 140 గల పిల్లలు సాధారణ తరగతిలో సగము కాలమును వ్యర్థముగా గడపుదురు. మిగిలిన సగములోనే తరగతి పనియంతయు పూర్తియగును.

కొలబద్ద చాలని చోట

నాలుగడుగుల కొలబద్ద నొకదానిని గోడకు నిలిపి పిల్లల ఎత్తు కొలుచుచున్నామనుకొందము. నాలుగున్నర అడుగుల బాలుడును, అయిదడుగుల బాలుడును “నాలుగడుగులు దాటినవారు” అనియే లెక్కకు వత్తురు. వారి నడుమ భేదము మనకు కనబడదు. తరగతి పరీక్షలు ఇట్టి కొలబద్దలే. ఏడవ తరగతి గణితమున నూటికి నూరు మార్కులు వచ్చిన ఇద్దరిలో, ఒకడు ఏడవ తరగతిని చక్కగ నేర్చినవాడు కావచ్చును. రెండవవాడు పదవ తరగతి లెక్కలను చేయగలవాడు కావచ్చును. మార్కుల పట్టికలో ఇరువురును సమానులే.

ఈ లోపమును సరిదిద్దు మార్గమును అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జూలియన్ స్టాన్లీ చూపెను. 1968 వేసవిలో అక్కడ కంప్యూటరు పాఠములకు జోసెఫ్ బేట్స్ అను పండ్రెండేండ్ల బాలుడు వచ్చెను. ఆ పాఠములు సైతము చాలక, అతడు తనకంటె పెద్దవారైన విద్యార్థులకే ఫోర్‌ట్రాన్ నేర్పుచుండెను. ఏమి చేయవలెనో తోచక ఉపాధ్యాయురాలు అతనిని స్టాన్లీ యొద్దకు తీసికొనిపోయెను. స్టాన్లీ అతనికి పిల్లల పరీక్ష కాక, కళాశాల ప్రవేశపరీక్షలను ఇచ్చి చూచెను. బాలుడు విశ్వవిద్యాలయ ప్రవేశమునకు కావలసినదానికంటె చాల ఎక్కువ మార్కులు సంపాదించెను. పై తరగతుల పాఠములకు ఏ హైస్కూలును అతనిని చేర్చుకొనకపోవుటచే, పదమూడవయేట అతనిని విశ్వవిద్యాలయముననే చేర్పించిరి. పదునేడవయేట అతడు బ్యాచిలర్, మాస్టర్ పట్టములను పొంది, ఉత్తరోత్తర కృత్రిమమేధ రంగమున ప్రసిద్ధుడయ్యెను.

1971లో స్టాన్లీ గణితప్రతిభ గల పిల్లలను గూర్చి ఒక దీర్ఘ పరిశీలనకు పూనుకొనెను. 1972 మార్చిలో పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల 450 మంది చురుకైన పిల్లలకు కళాశాల ప్రవేశపరీక్షలోని గణితభాగము నిచ్చెను. బడిలో ఎన్నడును నేర్పని లెక్కలను గూడ పలువురు చేయగలిగిరి. తరగతి పరీక్షలో ఒకే మెట్టుననున్న పిల్లలు ఈ పొడవైన కొలబద్దతో దూరదూరముగ విడివడిరి. తరువాతి సంవత్సరములలో సుమారు 5,000 మందిని దశాబ్దముల తరబడి పరిశీలించిరి. సమానప్రతిభ గలవారిలో, పై తరగతికి ముందుగా పంపబడినవారు అట్లు పంపబడనివారి కంటె ఎక్కువగా డాక్టరేటులను, పేటెంటులను సంపాదించినట్లు తేలెను.

కొలత తప్పవచ్చును

ఇంతమాత్రమున పరీక్షయే సర్వస్వమని తలపరాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లూయిస్ టెర్మన్ బినే పరీక్షను సంస్కరించి, 1921 నుండి సుమారు పదునైదు వందలమంది ప్రతిభావంతులైన పిల్లలను ఎన్నుకొని వారి జీవితములను పరిశీలించెను. ఎన్నికలో ఆ మెట్టు అందక విడువబడినవారిలో ఇద్దరు బాలురుండిరి. ఒకరు విలియం షాక్లీ, రెండవవారు లూయిస్ అల్వరెజ్. షాక్లీకి 1956లోను, అల్వరెజ్‌కు 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతులు వచ్చెను. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రమున ఏ బిడ్డను “ఇంతే” యని తీర్మానింపరాదని దీనివలన తెలియుచున్నది.

తరగతి గదిలో

ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఇరువది లెక్కలు వ్రాసెననుకొందము. ఒక బాలుడు పది నిమిషములలో ముగించి ప్రక్కవానిని గిల్లుచున్నాడు. ఒక బాలిక అయిదు లెక్కలు చేసి, తక్కినవియు ఇట్టివే కదా యని విడిచి, కిటికీ వైపు చూచుచున్నది. మరియొకడు మెట్లు వ్రాయక సమాధానము మాత్రమే వ్రాసినాడు. కాపీ చేసెనని ఉపాధ్యాయునకు అనుమానము. ఈ ముగ్గురిని శిక్షించుట సులభము. కాని శిక్షింపక ముందు నోటుపుస్తకమును ఒకమారు తెరచి చూడవలెను, “ఈ సమాధానము నీకెట్లు వచ్చినది?” అని అడుగవలెను. అల్లరి, పరధ్యానము, దస్తూరీ బాగుండకపోవుట ప్రతిభకు గుర్తులని అర్థము కాదు. అవి ప్రతిభను కప్పిపుచ్చవచ్చునని మాత్రమే అర్థము. ఇంటి మాటకును పుస్తకభాషకును దూరమెక్కువైన పిల్లల విషయమునను, తెలిసియు చేయి ఎత్తని ఆడపిల్లల విషయమునను మరింత జాగ్రత్త కావలెను.

అనుమానము కలిగినచో, పై తరగతి వార్షికపరీక్షా పత్రము నొకదానిని ఇచ్చి చూడవచ్చును. దీనికి ఖర్చు లేదు. ముందుగనే తెలిసిన పాఠమును మరల నేర్పక, ఆ కాలమును వేరు పనికి వినియోగింపవచ్చును. ఒక్క గణితమునకు మాత్రము పై తరగతిలో కూర్చుండబెట్టవచ్చును. అదియును వీలుకానిచో లోతైన ప్రశ్న నీయవచ్చును. ఉదాహరణకు, వరుస బేసిసంఖ్యలను కూడుచు పోయినచో 1, 4, 9, 16, 25 అని వర్గసంఖ్యలే వచ్చుచున్నవి. ఎందుచేత? చింతగింజలను చదరముగా పేర్చి, ఒక్కొక్కమారు రెండు ప్రక్కల అంచు పెంచి చూడుమనవలెను. ఇరువది లెక్కలకు మారుగ ఈ ఒక్క ప్రశ్న ఆ బాలికకు గంటసేపు పని కల్పించును. ఇంకను ఇరువది అట్టి లెక్కలే యిచ్చుట మాత్రము బహుమానము కాదు. త్వరగా ముగించినందులకు జరిమానా యగును.

తల్లిదండ్రులకు

“మాస్టారూ, వీడి ప్రశ్నలకు మా దగ్గర జవాబులు లేవండి” యని చెప్పుకొను తల్లిదండ్రులు ఎందరో కలరు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. “నాకు తెలియదు, ఇద్దరము కలిసి కనుగొందము” అను మాట బిడ్డకు గొప్ప పాఠము. గ్రంథాలయమునకు తీసికొనిపోవుట, ఆ వృత్తి తెలిసినవారితో మాటలాడించుట ఎవరైనను చేయగల పనులు.

పదేండ్ల బిడ్డకు పదునాలుగేండ్ల బుద్ధి యున్నను మనస్సు పదేండ్లదే. గ్రహణములను గూర్చి పెద్దలతో వాదించిన బాలుడే ఆటలో ఓడి ఏడ్చును. “ఇంత తెలివిగలవాడవు, ఇంత మాత్రము తెలియదా?” యని మందలించుట న్యాయము కాదు. వచ్చిన చుట్టముల యెదుట ఎక్కములు చెప్పించి ప్రదర్శించుటయు తగదు. నిద్ర, ఆట, తోటిపిల్లల స్నేహము ఈ పిల్లలకును అందరితో సమానముగ అవసరము.

పొగడ్తయందును మెలకువ కావలెను. 1998లో క్లాడియా మ్యూలర్, కెరొల్ డ్వెక్ అనువారు ప్రకటించిన ప్రయోగములలో, “నీవు తెలివిగలవాడవు” అని పొగడబడిన పిల్లలు తరువాత సులభమైన పనులనే కోరుకొనిరి. ఒకమారు ఓటమి కలుగగానే వెనుకంజ వేసిరి. “బాగుగ శ్రమించితివి” అని పొగడబడినవారు కష్టమైన పనులకు సాహసించిరి.

ఉపాధ్యాయునితో మాటలాడునపుడు “మా వాడు మేధావి” యని వాదించుటకంటె, బిడ్డ ఇంట చేసిన లెక్కలను, చదివిన పుస్తకములను చూపుట మేలు. కోరునది చిన్నదిగను, స్పష్టముగను ఉండవలెను: “వారమునకొక పైతరగతి లెక్క ఇప్పింపగలరా?” అన్నచో ఏ ఉపాధ్యాయుడును కాదనడు. ఎడతెగని కోచింగుతో సంపాదించిన ర్యాంకును ప్రతిభగ భ్రమపడరాదు. ప్రతిభ గల బిడ్డను అట్టి యంత్రములో వేసి ప్రశ్నించు అలవాటును పోగొట్టరాదు.

సమానత్వమునకు విరుద్ధమా?

తెలివిగల పిల్లలకు మరల సహాయ మెందుకని కొందరందురు. అందరికిని ఒకే కొలత చెప్పులు తొడిగించుట సమానత్వము కాదు. ఎవరి కాలికి తగినవి వారికిచ్చుటయే సమానత్వము. అంతేకాదు, ధనవంతుల బిడ్డకు బడి చాలనిచో ఇంట పుస్తకములు, ట్యూషన్లు ఉండును. కూలివాని కూతురికి బడి తప్ప వేరు దిక్కు లేదు. అక్కడ ఉపాధ్యాయుడు గుర్తింపనిచో ఆమెను గుర్తించువారే లేరు.

మన దేశమున ఈ దిశగ కొన్ని ప్రయత్నములు జరిగినవి. 1963లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఢిల్లీలో పది స్కాలర్‌షిప్పులతో విజ్ఞానప్రతిభాన్వేషణ పరీక్షను ఆరంభించి, మరుసటి యేట 350 స్కాలర్‌షిప్పులతో దేశమంతటికి విస్తరింపజేసెను. ఆ పథకము 2021 తరువాత నిలిచిపోయెను. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోను, 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను గ్రామీణప్రాంతపు చురుకైన పిల్లలకొరకు గురుకుల పాఠశాలలు వెలసినవి. 1986 విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు విస్తరించినవి. ప్రతిభను గుర్తించు పద్ధతులను ఉపాధ్యాయశిక్షణలో చేర్చవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. కాని ఇట్టి పాఠశాలలలో చేరగలవారు కొద్దిమంది. తక్కినవారందరు మన సాధారణ బడులలోనే, మన యెదుటి బల్లలమీదనే కూర్చుండియున్నారు.

రామానుజన్ నోటుపుస్తకములలోని విషయమంతయు రామచంద్రరావుగారికి బోధపడలేదు. అందులో అసామాన్యమైన దేదో యున్నదని మాత్రము వారు గ్రహించిరి, అది చాలినది. శిష్యునికంటె అధికముగ తెలిసినవాడే శిష్యుని గుర్తింపగలడను నియమము లేదు. రేపు తరగతిలో అల్లరి చేసినవాని నోటుపుస్తకమును తీసికొని, చివరి పుటలను గూడ తిరుగవేసి చూడుడు. పిల్లలు తమకొరకు తాము వ్రాసికొను లెక్కలు తరచుగ అక్కడనే యుండును.