షెల్టర్‌లో వదిలేసిన పెంపుడు కుక్కకు రెండో ఇల్లు దొరకాలంటే.. దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీ నగర్‌ వాసులు తెలుసుకోవాల్సినవి ఇవే

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్బీ నగర్‌ దాకా కాలనీల రూపం మారిపోతోంది. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్‌, వనస్థలిపురంలో ఒకప్పుడు గేటు, వరండా, పెరడు ఉన్న ఇండిపెండెంట్ ఇళ్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చినవాళ్లు అది కట్టేదాకా అద్దె ఇంటికి మారతారు. సామానంతా వ్యాన్ ఎక్కుతుంది. మరి ఇన్నేళ్లూ గేటు దగ్గర పడుకున్న కుక్క సంగతేంటి? "కుక్క ఉంటే ఇల్లు ఇవ్వం" అని కొత్త ఓనర్ అంటే ఏం చేయాలి?

సమస్య ఇక్కడే మొదలవుతుంది. కొందరు ఊళ్లో బంధువుల దగ్గర వదిలి వస్తారు. కొందరు షెల్టర్‌కు అప్పగిస్తారు. ఇంకొందరు రాత్రిపూట రోడ్డు పక్కన దించేసి వెళ్లిపోతారు. రోడ్డు మీద వదలడం కంటే షెల్టర్‌కు ఇవ్వడం నయమే. కానీ గేటు దగ్గర బెల్టు చేతికిచ్చి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. ఆ కుక్కకు రెండో ఇల్లు దొరకాలంటే దాని గురించి తెలిసిన విషయాలన్నీ దాంతోపాటే వెళ్లాలి. ఎక్కువసార్లు మిస్సయ్యేది అదే.

నెమ్మదైన కుక్కకే ఎందుకు కష్టం?

కరవదు, అరవదు, పిల్లలు తోక లాగినా ఊరుకుంటుంది. ఇలాంటి కుక్కను ఎవరైనా తీసుకెళ్తారులే అనుకుంటారు. షెల్టర్‌లో జరిగేది మాత్రం వేరు. పక్కపక్కనే పదుల కుక్కలు, రోజంతా అరుపులు, ఫినాయిల్ వాసన, తెలియని మనుషులు. ఇంట్లో మనిషి పక్కనే పడుకోవడం అలవాటైన కుక్కకు ఇదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. కొన్ని అన్నం ముట్టవు. కొన్ని మూలకు చేరి గోడవైపు తిరిగి పడుకుంటాయి.

దత్తత కోసం వచ్చినవాళ్ల కళ్లు ముందుగా తోక ఊపుతూ గ్రిల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చే కుక్కపిల్ల మీదే పడతాయి. వెనకాల ఊరికే పడుకున్న ఐదేళ్ల కుక్కను చూసి "దీనికి ఒంట్లో బాగా లేదేమో" అనుకుని ముందుకు వెళ్లిపోతారు. దాని మంచి గుణమే అక్కడ దానికి అడ్డమవుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. షెల్టర్‌లో కదలకుండా ఉన్న ప్రతి కుక్కా సౌమ్యమైనది కాదు. భయంతో బిగుసుకుపోయిన కుక్క కూడా అలాగే ఉంటుంది. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, పెదాలు నాకుతూ, చూపు తిప్పేసుకుంటుంటే అది భయమే. చెయ్యి చాపితే వాసన చూసి, ఒళ్లు వదులు చేసి, పక్కకు వాలితే అది నెమ్మదితనం. ఈ తేడా ఒక్కరోజులో తెలియదు. అందుకే దాన్ని ఏళ్లుగా చూసిన పాత ఇంటివాళ్ల మాటకు అంత విలువ.

ఒక్క కాగితం.. చాలా తేడా

కుక్కను అప్పగించే ముందు ఒక పేజీ రాసిస్తే చాలు. అందులో ఏముండాలంటే..

- పేరు, వయసు, ఆడా మగా, స్టెరిలైజేషన్ ఆపరేషన్ అయ్యిందా లేదా.
- రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, నట్టల మందు ఎప్పుడు తాగించారు. టీకా కార్డు ఉంటే ఒరిజినలే ఇవ్వాలి.
- ఏం తింటుంది, ఎన్నిసార్లు తింటుంది. పెరుగన్నం అలవాటైన కుక్కకు ఒక్కసారిగా ప్యాకెట్ ఫుడ్ పెడితే కడుపు పాడవుతుంది.
- ఏ మాటలకు స్పందిస్తుంది. "దా", "కూర్చో", "వద్దు" అని తెలుగులో విన్న కుక్కకు వేరే భాషలో పిలిస్తే అర్థం కాదు.
- పిల్లలతో, పిల్లులతో, వేరే కుక్కలతో ఎలా ఉంటుంది.
- దేనికి భయపడుతుంది. టపాసులా, ఉరుమా, హెల్మెట్ పెట్టుకున్న మనిషా?
- ఎప్పుడైనా కరిచిందా? కరిస్తే ఎలాంటి పరిస్థితిలో?

చివరి ప్రశ్నకు చాలామంది నిజం చెప్పరు. చెబితే ఎవరూ తీసుకోరని భయం. కానీ దాచిపెడితే నష్టపోయేది ఆ కుక్కే. తినేటప్పుడు గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటుందని ముందే తెలిస్తే చిన్న పిల్లలు లేని ఇంటికి ఇస్తారు. తెలియకపోతే మొదటి వారంలోనే ఏదో జరుగుతుంది, కుక్క వెనక్కి వస్తుంది. ఒకసారి తిరిగొచ్చిన కుక్కకు మళ్లీ ఇల్లు వెతకడం ఇంకా కష్టం.

ఎందుకు వదిలేస్తున్నారో కూడా రాయాలి. "ఇల్లు మారుతున్నాం, ఓనర్ ఒప్పుకోలేదు" అని ఉంటే తప్పు కుక్కది కాదని కొత్తవాళ్లకు అర్థమవుతుంది.

ముందు డాక్టర్ దగ్గరికి

వయసు మీరిన కుక్క డల్‌గా ఉంటే అది స్వభావమా, జబ్బా అన్నది తేల్చుకోవాలి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ సాధారణం. జ్వరం, నీరసం, తిండి మానేయడం దాని లక్షణాలు. రక్త పరీక్షతో బయటపడుతుంది, త్వరగా గుర్తిస్తే మందులతో తగ్గుతుంది. జబ్బుతో పడుకున్న కుక్కను "చాలా నెమ్మది" అని చెప్పి ఇచ్చేస్తే రెండు వైపులా మోసమే.

ప్రైవేటు క్లినిక్ ఖర్చు భరించలేనివాళ్లు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు వెళ్లొచ్చు. రేబిస్ టీకా విషయంలో మాత్రం రాజీ వద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు నూటికి నూరు శాతం ప్రాణాంతకం.

షెల్టర్ కంటే ఫోస్టర్ ఇల్లు మేలు

శాశ్వతంగా తీసుకునేవాళ్లు దొరికేదాకా కొన్ని వారాలు ఎవరో ఒకరు తమ ఇంట్లో ఉంచుకోవడమే ఫోస్టరింగ్. నెమ్మదైన కుక్కకు దీనివల్ల చాలా లాభం. అమెరికాలో ఐదు షెల్టర్లలోని కుక్కలపై చేసిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. ఒకటి రెండు రాత్రులు ఎవరింట్లోనైనా గడిపిన కుక్కల్లో ఒత్తిడిని చూపించే కార్టిసాల్ హార్మోన్ తగ్గింది. షెల్టర్‌కు తిరిగి వచ్చాక మళ్లీ పాత స్థాయికి చేరింది. అంటే మార్పు రావాల్సింది కుక్కలో కాదు, అది ఉండే చోటులో.

ఫోస్టర్ ఇంట్లో తీసిన ఫొటోకు, గ్రిల్ వెనకాల తీసిన ఫొటోకు కూడా చాలా తేడా ఉంటుంది. సోఫా పక్కన వెల్లకిలా పడుకున్న ఫొటో, గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో బిస్కెట్ తింటున్న పది సెకన్ల వీడియో.. దాని గురించి ఎంత రాసినా చెప్పలేనిది ఇవి చెబుతాయి.

ఎక్కడ అడగాలి?

హైదరాబాద్‌లో జంతు సంక్షేమ సంస్థల్లో అందరికీ తెలిసిన పేరు బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్. అమల అక్కినేని 1992లో దీన్ని ప్రారంభించారు. ఇలాంటి సంస్థలకు నేరుగా కుక్కను తీసుకెళ్లకుండా ముందు ఫోన్ చేసి ఖాళీ ఉందో లేదో కనుక్కోవడం మంచిది. ఒక్కోసారి "మీ దగ్గరే ఉంచుకోండి, ఇల్లు వెతకడానికి సాయం చేస్తాం" అంటారు. కుక్కకు అదే మేలు.

ఎల్బీ నగర్‌ వైపు నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో మున్సిపల్ యానిమల్ కేర్ సెంటర్ ఉంది. ఇలాంటి సెంటర్ల అసలు పని వీధి కుక్కలకు స్టెరిలైజేషన్, రేబిస్ టీకా. పెంపుడు కుక్కను తెచ్చి గేటు దగ్గర కట్టేసి వెళ్లే చోటు కాదది. 2023 యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ ప్రకారం పెంపుడు కుక్క టీకాలు, నట్టల మందు, స్టెరిలైజేషన్ బాధ్యత యజమానిదే.

దత్తతను ప్రోత్సహించే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. 2025 ఆగస్టు 17న బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అయితే మేళాల్లో పిల్లలకు ఉన్న గిరాకీ పెద్ద కుక్కలకు ఉండదు. వాటికి ఇల్లు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులు, పక్క వీధి పెట్ షాప్, టీకాలు వేసిన డాక్టర్, పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లు. ముందు వీళ్లను అడగాలి.

ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు

"ఫ్రీగా ఇస్తాం" అని పోస్ట్ పెడితే ఫోన్లు బాగానే వస్తాయి. అందులో కొందరికి కావాల్సింది కుక్క కాదు. ల్యాబ్రడార్‌, గోల్డెన్ రిట్రీవర్ లాంటి జాతి కుక్క ఆడదైతే పిల్లల కోసం వాడుకుని అమ్ముకునేవాళ్లుంటారు. ఊరి చివర ఖాళీ ప్లాటుకో, గోదాముకో కాపలాగా గొలుసేసి కట్టేసేవాళ్లూ ఉంటారు. మనుషుల మధ్య పెరిగిన నెమ్మదైన కుక్కకు అది శిక్ష.

అందుకే ఇచ్చేముందు కొన్ని అడగాలి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? పగలు ఎవరుంటారు? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా? ఊరెళ్తే ఎవరు చూసుకుంటారు? ఒకసారి ఇల్లు చూసి రావాలి. స్టెరిలైజేషన్ చేయించాకే ఇవ్వడం ఇంకా మంచిది. కుదరకపోతే కుక్కను తిరిగి ఇచ్చేయాలని, వేరేవాళ్లకు ఇవ్వకూడదని కాగితం మీద రాసుకుని సంతకాలు చేసుకోవాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవాళ్లకు ఇవ్వకపోవడమే మేలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్లలో, రూముల్లో ఉండే పిల్లలు చాలామంది. కుక్కంటే ఇష్టం ఉన్నా పరీక్ష అయిపోగానే వాళ్లు ఊరెళ్లిపోతారు. వాళ్లకు పూర్తిగా ఇచ్చేయడం కంటే సాయంత్రం వాకింగ్‌కు తీసుకెళ్లే పని అప్పగిస్తే ఇద్దరికీ మంచిది.

అపార్ట్‌మెంట్‌లో కుక్కను వద్దనొచ్చా?

కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే అధికారం రెసిడెంట్ అసోసియేషన్లకు లేదు. మెజారిటీతో తీర్మానం చేసినా కుదరదు. అదే సమయంలో శుభ్రత, టీకాలు, బయటికి తీసుకెళ్లేటప్పుడు బెల్టు.. ఇవి పెంచేవాళ్ల బాధ్యత. అయితే అద్దె ఇంటి విషయం ఓనర్‌కు, అద్దెకున్నవాళ్లకు మధ్య ఒప్పందం. అడ్వాన్స్ ఇవ్వకముందే కుక్క సంగతి మాట్లాడుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. నిజానికి అలా అడిగి ఇల్లు వెతికితే కుక్కను వదిలేయాల్సిన అవసరం కొందరికి రాకపోవచ్చు.

రోడ్డు మీద వదిలేస్తే?

1960 జంతు హింస నివారణ చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. కానీ మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. భయపెట్టే శిక్ష కాకపోయినా అసలు నష్టం వేరే ఉంది. ఇంట్లో పెరిగిన కుక్కకు ట్రాఫిక్ తెలియదు, వీధి కుక్కల సరిహద్దులు తెలియవు. వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి నేషనల్ పార్క్ ఉంది. ఆ చుట్టుపక్కల కుక్కలను వదిలితే అక్కడి జింకలకూ ముప్పే.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. అప్పటినుంచి ఈ వైపు కాలనీల్లో కుక్కల గుంపు కనిపిస్తే తల్లిదండ్రులకు గుండె దడే. ఆ భయంలో న్యాయం ఉంది. స్టెరిలైజేషన్ కాని పెంపుడు కుక్కను వీధిలోకి వదిలితే ఆ సమస్యను పెంచినట్టే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో వీధి కుక్కలను దత్తత తీసుకునే అవకాశం కల్పిస్తూనే ఒక షరతు పెట్టింది. తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాల్సిన బాధ్యత తీసుకున్నవాళ్లదే.

కొత్త ఇంట్లో మొదటి 3 నెలలు

జంతు ప్రేమికులు 3-3-3 లెక్క చెబుతుంటారు. మొదటి 3 రోజులు కుక్క బెదురుగా ఉంటుంది. 3 వారాలకు ఇంటి అలవాట్లు తెలుస్తాయి. 3 నెలలకు ఇది తన ఇల్లే అనుకుంటుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, ఒక అంచనా మాత్రమే. మొదటి రోజే చుట్టాలందరినీ పిలిచి చూపించడం, స్నానం చేయించడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వద్దు. ఒక మూల పాత దుప్పటి, నీళ్లు పెట్టి దాని మానాన దాన్ని వదిలేయాలి. పాత ఇంటి వాసన ఉన్న గుడ్డ ఏదైనా ఉంటే ఇంకా మంచిది.

టైమింగ్ కూడా ముఖ్యమే. వినాయక నిమజ్జనం రోజుల్లో సరూర్‌నగర్‌ చెరువు వైపు డప్పులు, డీజేలు మోగుతూనే ఉంటాయి. దీపావళికి టపాసుల మోత. ఆ వారాల్లో కుక్కను కొత్త ఇంటికి మార్చకపోవడమే మంచిది. భయంతో గేటు దూకి పారిపోయే ప్రమాదం ఎక్కువ. మొదటి రోజు నుంచే మెడలో ఫోన్ నంబర్ రాసిన బిళ్ల ఉండాలి. వాకింగ్‌కు బెల్టు లేకుండా తీసుకెళ్లకూడదు.

పాత యజమాని కూడా ఒక నెలపాటు ఫోన్‌కు అందుబాటులో ఉండాలి. "రాత్రి ఏడుస్తోంది, ఏం చేయాలి?" అని కొత్తవాళ్లు అడిగితే జవాబు ఆయనకే తెలుస్తుంది. అన్నీ చేసినా కుదరకపోతే కుక్కను ఇచ్చిన చోటికే తిరిగి ఇవ్వాలి, అందులో నామోషీ ఏం లేదు.