మీకు తెలుసా? నెగెటివ్ సైజులోనే ఉంది కిటుకు

ఒకే రకం ఫిల్మ్‌ను 35 ఎం.ఎం. కెమెరాలో ఒకసారి, మీడియం ఫార్మాట్ కెమెరాలో ఇంకోసారి వేసి ఒకే దృశ్యాన్ని తీస్తే, గోడకు తగిలించేంత ప్రింటులో తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఫిల్మ్‌లోని వెండి రేణువులు రెండింటిలోనూ ఒకటే. ఎంత సాగదీస్తున్నామన్నదే అసలు సంగతి.

35 ఎం.ఎం. నెగెటివ్ కొలత 24×36 మిల్లీమీటర్లు. మీడియం ఫార్మాట్ కెమెరాలో వేసే 120 రీలు మీద పడే చదరపు నెగెటివ్ దాదాపు 56×56. అంటే వైశాల్యం మూడున్నర రెట్లకు పైనే! 30 సెంటీమీటర్ల చదరపు ప్రింటు కావాలంటే చిన్న నెగెటివ్‌ను పన్నెండున్నర రెట్లు పెంచాలి. పెద్దదానికి ఐదున్నర రెట్లు కూడా అక్కర్లేదు. అందుకే చీర అంచు జరీ, ఆకుల ఈనెలు అంత స్పష్టంగా దిగుతాయి.

కొడాక్ 1901లో తెచ్చిన ఈ 120 రీలు నేటికీ దొరుకుతోంది.

అలాగని చిన్న ఫార్మాట్‌ను తీసిపారేయడానికి లేదు. సినిమా ఫిల్మ్‌నే వాడుకునేలా ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో మార్కెట్లోకి వచ్చాక కెమెరా కోటు జేబులో ఇమిడిపోయింది. 120 రీలుకు చదరపు బొమ్మలు 12 వస్తే, 35 ఎం.ఎం. రీలుకు 36. వీధిలో క్షణంలో జారిపోయే దృశ్యాన్ని పట్టేవాళ్లకు ఆ తేలికే ప్రాణం. 1959 నాటి ఒలింపస్ పెన్ అయితే సగం సైజు ఫ్రేములతో అదే రీలులో 72 బొమ్మలు పట్టించింది.

1969లో చంద్రుడి మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ బజ్ ఆల్డ్రిన్‌ను ఫొటో తీసింది పెద్ద ఫ్రేము మీదే, 70 ఎం.ఎం. ఫిల్మ్ వేసిన హాసెల్‌బ్లాడ్‌తో. బరువు తగ్గించుకోవడానికి ఆ కెమెరాను అక్కడే వదిలేసి, ఫిల్మ్ ఉన్న మ్యాగజైన్లను భద్రంగా వెంట తెచ్చుకున్నారు.