ఆ బిట్‌కి జ్వాలాపురం చెప్పే జవాబు వేరు!

లేపాక్షి వెళ్తే వేలాడే స్తంభం కింద గుడ్డ జరిపి చూస్తాం, బసవన్న ముందు సెల్ఫీ దిగుతాం. గుడి 16వ శతాబ్దం నాటిదంటే ‘అబ్బో, ఎంత పాతదో’ అనుకుంటాం. అదే రాయలసీమలో దానికంటే వేల ఏళ్ల ముందటి మనిషి పనితనం మట్టిలో దొరుకుతోంది. హిందూపురం నుంచి అనంతపురం, తాడిపత్రి దాటి బనగానపల్లె వైపు వెళ్తే వచ్చే జ్వాలాపురంలో.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఈ బిట్ కంఠతా వచ్చు: సూక్ష్మ శిలా పరికరాలు ఏ యుగానివి? మధ్య శిలాయుగం. అంటే సుమారు పది వేల ఏళ్ల కిందట మొదలైందని పుస్తకాల్లో ఉంటుంది. జ్వాలాపురం దగ్గరి ఒక రాతి ఆవాసంలో, అంటే కొండరాయి కింద మనుషులు తలదాచుకున్న చోట, జరిపిన తవ్వకాల్లో ఇవే చిన్న పనిముట్లు దాదాపు 35 వేల ఏళ్ల నాటి పొరల నుంచే కనిపించాయి. పూసలు, మనిషి పుర్రె ముక్కలు కూడా దొరికాయి. ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, విదేశీ పరిశోధకులు కలిసి చేసిన పని ఇది. 2009లో ‘యాంటిక్విటీ’ పత్రికలో వచ్చింది. (పరీక్షలో మాత్రం కీలో ఉన్నదే టిక్ పెట్టండి. మార్కుతో ప్రయోగాలొద్దు.)

వయసు ఎలా తేల్చారు? ఆ పొరల్లోని నత్త గుల్లలకు రేడియోకార్బన్ పరీక్ష చేసి. ఇక పనిముట్టు సంగతి. గోరంత రాతి పలుకులను వరసగా కర్రకో ఎముకకో జిగురుతో బిగించేవారు. ఒకటి విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు, మొత్తం ఆయుధం పారేయక్కర్లేదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ మాడ్యులర్ డిజైన్ గురించి విన్న నాకు ఇది చదివినప్పుడు కాస్త సిగ్గేసింది.

ఇదే లోయలో 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం నుంచి ఎగిరొచ్చిన బూడిద మందంగా పేరుకుని ఉంది. కొంచెం దూరంలో, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు. వాటిని 1880ల్లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వారు.

మరి ఇందులో ఉద్యోగం? నిజం చెప్పాలంటే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. డ్రోన్ సర్వే, జీఐఎస్, ఫొటోలతో త్రీడీ మోడల్ కట్టడం తెలిసినవాళ్ల అవసరం తవ్వకాల్లో ఉంది కాబట్టి బీటెక్ వృథా పోదు. కానీ పురావస్తు శాస్త్రవేత్త కావాలంటే అది చాలదు. గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు శాఖ నడిపే సంస్థలో పీజీ డిప్లొమా ఉంది. అందులో చేరాలంటే ముందు సంబంధిత సబ్జెక్టులో పీజీ చేసి ఉండాలి. అందుకు పుణెలోని డెక్కన్ కాలేజీ పేరున్న చోటు. దగ్గర్లో కావాలంటే కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంది.

సెలవుల్లో ఆ గుట్టలవైపు వెళ్తే, నచ్చిన రాతి ముక్కను జేబులో వేసుకోకండి. పొర నుంచి కదిలిన రాయికి వయసు చెప్పడం కష్టం. లొకేషన్‌తో ఫొటో తీసి, అక్కడే వదిలేసి, పురావస్తు శాఖకు చెప్పండి.