దసలిచిలుకయు కోతితల్లియు

మర్కటకిశోరన్యాయమను మాట పురాణకాలక్షేపములలో మనలో పెక్కుమంది వినినదే. తల్లి కొమ్మనుండి కొమ్మకు దుమికినను దాని పొట్టను కరచుకొన్న కోతిపిల్ల జాఱిపడదు. పట్టుచీరలు కట్టుకొను మనము పట్టుపురుగు తల్లినిగూర్చి మాత్ర మేమియు నెఱుగము.

తెలంగాణమున మహాదేవపూరు, చెన్నూరు ప్రాంతపు టడవులలో మద్దిచెట్లమీద దసలిపట్టు పురుగులను పెంచుదురు. పురుగు నెలకు పైగా ఆకు మేసి, నాలుగుమాఱులు కుబుసము విడిచి, గట్టిగూడు కట్టుకొనును. పట్టు తీయుటకై ఆ గూళ్లను ఉడికింతురు గనుక, విత్తనమునకని దాచిన గూళ్లనుండియే చిలుకలు వెలువడును. ఆడుచిలుకకు తినుటకు తగిన నోరు లేదు. ఆయువు ఇంచుమించుగా వారము పది దినములు. ఆలోపల సుమారు 200 గ్రుడ్లు పెట్టును. వానిలోని సారమంతయు తాను పురుగై యున్ననాడు మేసిన యాకే. బాల్యముననే బిడ్డలకొఱకు కూడబెట్టినదన్నమాట! పిల్లలు వెలువడినపిదప సాకు తల్లి లేదు. ఐనను ఏ యాకు తినవలెనో, గూడెట్లు కట్టవలెనో వాని కెవ్వరును నేర్పనక్కఱలేదు.

తల్లి వ్యాధియు పిల్లలకు వచ్చును. పెబ్రిన్ అను రోగము గ్రుడ్లద్వారా సంక్రమించును గనుక, గ్రుడ్లు పెట్టిన చిలుకను నలిపి సూక్ష్మదర్శినితో పరీక్షించి, రోగ మున్నచో ఆ గ్రుడ్లను నాశనము చేయుదురు. ఈ పద్ధతిని ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చరు 1865 మొదలు 1870 వఱకు మల్బరీ పట్టుపురుగులపై పరిశోధించి స్థిరపఱచెను.

దక్షిణదేశమున మాత్రమే నివసించు, నెత్తిపై వెండ్రుకలు టోపీవలె విచ్చుకొనియుండు కోతిజాతి సంగతి వేఱు. గర్భము మోయుట సుమారు ఐదున్నర నెలలు. కాన్పునకు సాధారణముగా ఒక్కటే పిల్ల. పాలిచ్చుట నెలల తరబడి. కూతురు పెద్దదైనను తల్లిగుంపును విడువదు. కొడుకులే యెదిగినపిదప పరుల గుంపులకు పోవును. మన యాచారమునకు ఇది తలక్రిందు! ఏ పండు తినదగినది, ఎవరికి భయపడవలెను అను విద్యను పిల్ల తల్లిని, గుంపును చూచియే చాలవఱకు నేర్చుకొనును.

మన వంటయిండ్లకు చిక్కు వచ్చిన దిందుచేతనే. పుణ్యమని మనము గుడిమెట్లపై అరటిపండు చూపినప్పుడు చేయి చాపునది తల్లి. కనిపెట్టి చూచునది పొట్టను కరచుకొన్న పిల్ల. దసలిపురుగునకు మనమొక కొత్త బుద్ధి నేర్పజాలము. కోతికి నేర్పకుండ నుండజాలకున్నాము.

మేమును అట్లు పెట్టినవారమే. మొన్న మిద్దెపై వడియము లాఱబెట్టగా తల్లియు పిల్లయు చాపపై కూర్చుండి తినుచున్నవి. మేము కఱ్ఱ యెత్తితిమి. తల్లి యొక యడుగు వెనుకకు వేసెను. పిల్ల వేయలేదు.