నూనె నడిచే దారి

పాత బండి చేతికొచ్చినవాళ్లు ముందు ఇంజను విప్పుతారు. కార్బొరేటర్ కడిగిస్తారు, సైలెన్సర్ మారుస్తారు, ట్యాంకుకు కొత్త రంగు వేయిస్తారు. ఫోర్కుల జోలికి మాత్రం ఆయిల్ సీలు కారి, ముందు చక్రం దగ్గర నూనె మరకలు కనిపించేదాకా వెళ్లరు. యమహా ఆర్ఎక్స్ 100నే తీసుకోండి. 1985లో మన రోడ్ల మీదికి వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజను 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోలకు అటూ ఇటూ. 2018లో దాని పేరు పెట్టుకుని తెలుగులో సినిమా కూడా వచ్చింది. ఆ బండి పికప్ గురించి చెప్పమంటే గంటలకొద్దీ చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ పికప్‌ను నేలకు అంటిపెట్టి ఉంచే స్ప్రింగులూ వాటి చుట్టూ ఉన్న నూనే ఏ స్థితిలో ఉన్నాయని అడిగితే జవాబు దొరకడం కష్టం. నా దృష్టిలో పాత బండి వయసు ముందు అక్కడే బయటపడుతుంది. బాగుచేయడం కూడా అక్కడ మొదలుపెడితేనే పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. రోడ్డు మీద 10 సెంటీమీటర్ల పొడవున్న గతుకును ఆ వేగంలో చక్రం సెకనులో వందోవంతులో దాటేస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే చక్రం పైకి లేచి, మళ్లీ కిందికి దిగి నేలను పట్టుకోవాలి. పైకి లేవడానికి స్ప్రింగు చోటిస్తుంది. కానీ స్ప్రింగు మింగిన శక్తిని తన దగ్గర ఉంచుకోదు, వెంటనే తిరిగి విసురుతుంది. ఆ విసురును ఎవరూ ఆపకపోతే బండి ఊగుతూనే ఉంటుంది, ఊగినప్పుడల్లా టైరు పట్టు సడలుతుంది. ఆ శక్తిని వేడిగా మార్చి పారేసేవాడు ఒకడు కావాలి. మోటార్‌సైకిల్ సస్పెన్షన్ చరిత్ర చాలావరకు వాడిని వెతికిన చరిత్రే.

మొదట దొరికింది రాపిడి. గర్డర్ ఫోర్కుల కాలంలో, అంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా, ముందు చక్రాన్ని పట్టుకున్న లింకుల దగ్గర గుండ్రటి బిళ్లలు ఒకదానికొకటి ఒరుసుకునేలా బిగించేవారు. పక్కన ఒక నాబ్ ఉండేది. రోడ్డు బాగాలేకపోతే నడిపేవాడు చేత్తో దాన్ని మరికాస్త తిప్పేవాడు. ఆలోచన మంచిదే, రాపిడి స్వభావమే అడ్డం తిరిగింది. ఆగి ఉన్న బిళ్లను కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, ఒకసారి కదిలాక తక్కువ చాలు. అందుకని చిన్న గతుకు వస్తే ఫోర్కు కదలకుండా బిగుసుకునేది, దెబ్బంతా చేతులకు తగిలేది. పెద్ద గుంతలో పడి చక్రం వేగంగా కదిలినప్పుడు మాత్రం బిళ్లలు దాన్ని సరిగ్గా అదుపు చేయలేకపోయేవి.

తర్వాత వచ్చింది నూనె. డెన్మార్క్‌లో నింబస్ కంపెనీ 1934లో టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టింది. మరుసటి ఏడాది, 1935లో, బీఎండబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బండ్లకు నూనెతో అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కును ఇచ్చింది. ఒక గొట్టంలోకి మరో గొట్టం జారుతుంది, లోపల స్ప్రింగు, దాని చుట్టూ నూనె. గొట్టం కదలాలంటే నూనె చిన్న రంధ్రాల్లోంచి దూరి వెళ్లాలి. 1941లో మ్యాచ్‌లెస్ కంపెనీ బ్రిటిష్ సైన్యానికిచ్చిన జీ3/ఎల్ బండికీ ఇలాంటి ఫోర్కే పెట్టింది. యుద్ధం ముగిశాక గర్డర్ల కాలం త్వరగానే చెల్లింది.

వెనక చక్రం మాత్రం ఇంకా చాలా బండ్లలో ఫ్రేముకు నేరుగా బిగించే ఉండేది. నడిపేవాడి నడుముకు దిక్కు సీటు కింది స్ప్రింగులే. దీన్ని మార్చిన బండ్లలో మనకు బాగా తెలిసినది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్‌ఆర్మ్, రెండు షాక్ అబ్జార్బర్లు ఉన్న దాని నమూనాలు 1948లో ఇంగ్లండ్ ట్రయల్స్ పోటీలకు వచ్చాయి. రాళ్లూ బురదా నిండిన దారుల్లో పట్టు దొరకాలంటే వెనక చక్రం కదలకుండా ఉండాలని ఆ పోటీల్లో చాలామంది నమ్మేవారు. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో చార్లీ రోజర్స్, విక్ బ్రిటన్ ఇద్దరూ బుల్లెట్ల మీద బంగారు పతకాలు గెలిచారు. చక్రం కదిలితే పట్టు పోదని, కదలనిచ్చి అదుపు చేస్తేనే పట్టు నిలుస్తుందని ఆ పతకాలు చెప్పాయి. తర్వాత ఏడేళ్లకు, 1955లో, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మన సైన్యానికి సరిహద్దు గస్తీ కోసం బుల్లెట్లు వెళ్లాయి. రెండు షాక్ అబ్జార్బర్ల ఆ రూపమే దశాబ్దాలపాటు మన రోడ్ల మీద నడిచింది.

నూనె వచ్చినా చిక్కు తీరలేదు. రంధ్రానికి ఒక నియమం ఉంది. మందు ఎక్కించే సిరంజిని మెల్లగా నొక్కితే నీళ్లు సులువుగా వస్తాయి, ఒక్కసారిగా నొక్కబోతే బొటనవేలు నొప్పి పుడుతుంది. ఫోర్కు అడుగున ఉన్న డ్యాంపర్ రాడ్డు రంధ్రాల్లోనూ అదే జరుగుతుంది. స్థిరమైన సైజు రంధ్రంలోంచి నూనె ఉరికేటప్పుడు దాని నిరోధం దాదాపుగా వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు, వేగం పదింతలైతే నిరోధం వంద రెట్లు. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది, అప్పుడు నిరోధం చాలక బండి ముక్కు కిందికి వాలిపోతుంది. పదునైన అంచున్న గుంతలో పడితే చక్రం సెకనుకు మీటరు దాటిన వేగంతో పైకి రావాలని చూస్తుంది. నూనెకు దూరే వ్యవధి ఉండదు, ఫోర్కు క్షణంపాటు ఇనపకడ్డీలా బిగుసుకుంటుంది. రాపిడి బిళ్లలది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. మనకు కావలసింది ఆ రెంటికీ నడుమ ఉంది.

ఇది తెలిస్తే మెకానిక్ షెడ్లలో తరచూ వినిపించే ఒక సలహా ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. ఫోర్కు మెత్తబడిందంటే చిక్కటి నూనె పోయమంటారు. పోస్తే బ్రేకు దగ్గర కాస్త నయంగానే ఉంటుంది, గుంతల దగ్గర మణికట్లు విరిగిపోతున్నట్టుంటుంది. రంధ్రం మారలేదు కాబట్టి దాని వర్గ నియమమూ మారలేదు.

అసలు మార్పు రంధ్రాన్ని వదిలి కవాటానికి వెళ్లినప్పుడు వచ్చింది. పలచటి ఉక్కు రేకులను దొంతరగా పేర్చి రంధ్రాల మీద మూతలా పెడతారు. నూనె మెల్లగా వస్తే రేకులు కదలవు, పక్కనున్న సన్నటి దారే దానికి గతి. ఒత్తిడి పెరిగితే రేకులు వంగి దారి వెడల్పు చేస్తాయి. పందాల్లో ఈ పరిజ్ఞానం వేగంగా ముదిరింది. బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచనను యమహా కొని, వెనక ఒకే ఒక్క పొడుగాటి షాక్ అబ్జార్బర్ పెట్టిన బండితో 1973లో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ కొట్టింది. నడిపినవాడు స్వీడన్‌కు చెందిన హోకన్ ఆండర్సన్. స్వీడన్‌లోనే కెంత్ ఓలిన్ 1976లో తన పేరుతో సస్పెన్షన్ కంపెనీ పెట్టాడు. 1980ల్లో ఈ రేకుల కవాటాలు కార్ట్రిడ్జ్ రూపంలో ముందు ఫోర్కుల్లోకి వచ్చాయి. తక్కువ ధరలో తయారయ్యే మామూలు బండ్లకు డ్యాంపర్ రాడ్డే మిగిలింది. మన చేతిలో ఉన్న పాత బండి ఆ రెండో రకం.

మరి దాన్ని మెరుగుపరచడం ఎలా? కొత్త సామాను కొనకముందు అరిగినదాన్ని వెతకాలి. బండిని సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా ఎవరినైనా వెనక కూర్చోబెట్టండి. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యకు రాగానే ఒక గాడిలో పడ్డట్టు ఆగితే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్ సెట్, పోయినట్టే. ఫోర్కుల అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమని తెలిసినా అక్కడ లూజు ఉందన్నమాట. వెనక స్వింగ్‌ఆర్మ్‌ను పక్కలకు కదిపి చూడండి, బుష్‌లు అరిగి ఉంటే చేతికే తెలిసిపోతుంది. వీటిని వదిలేసి ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బర్లు బిగించినా బండి తోక ఆడిస్తూనే ఉంటుంది.

తర్వాత నూనె. ఏళ్ల తరబడి మార్చని ఫోర్కు డ్రెయిన్ బోల్టు విప్పితే బూడిదరంగు ద్రవం కారుతుంది, చేపల మురుగు వాసనతో. అరచేతిలో పోసుకుని ఎండలో చూస్తే లోపల వెండిపొడిలాంటి మెరుపు కనిపిస్తుంది. అది బుష్‌ల నుంచీ స్ప్రింగు నుంచీ అరిగి రాలిన లోహం. ఆ నూనెను మారిస్తేనే సగం బండ్లు మారిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఫోర్కు గొట్టాల క్రోమ్ మీద తుప్పు చుక్కలు కూడా వెతకాలి. గోరు తగిలితే అడ్డుపడేంత గుంట ఉంటే అది కొత్త సీలును కూడా కోసేస్తుంది. అలాంటి గొట్టాన్ని మార్చాలి, లేదంటే మళ్లీ క్రోమ్ ప్లేటింగ్ చేయించాలి.

ఇప్పుడు స్ప్రింగు. మీరు ఎక్కి కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత కిందికి దిగుతుందో కొలవాలి. దాన్నే సాగ్ అంటారు. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు గొట్టం ఎంత బయటికి ఉందో కొలవండి. తర్వాత మామూలుగా వేసుకునే బట్టలతో, హెల్మెట్‌తో కూర్చుంటే ఇంకొకరు మళ్లీ కొలవాలి. సీలు రాపిడి వల్ల ఒక్క కొలత మోసం చేస్తుంది కాబట్టి ఒకసారి ఫోర్కును కిందికి నొక్కి మెల్లగా వదిలి, మరోసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలిచి సగటు తీసుకోవాలి. మొత్తం ప్రయాణంలో ఇది 25 నుంచి 30 శాతం దగ్గర ఉండాలి. 120 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కుకు 30 నుంచి 36 మిల్లీమీటర్లు. పాత బండ్లలో దీనికన్నా బాగా ఎక్కువ దిగిపోవడం మామూలే.

ఎక్కువ దిగితే చాలామంది ప్రీలోడ్ బిగిస్తారు, అంటే స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతారు, లేదా లేత్ షాపులో పైపు ముక్క కోయించి స్ప్రింగు మీద పెడతారు. దానివల్ల బండి ఎత్తు పెరుగుతుంది, స్ప్రింగు మాత్రం గట్టిపడదు. మిల్లీమీటరుకు 2 కిలోల బరువు మోసే స్ప్రింగు ఎంత ప్రీలోడ్ ఇచ్చినా మిల్లీమీటరుకు 2 కిలోలే మోస్తుంది. గట్టిదనం తీగ మందంలో, చుట్టల వెడల్పులో, చుట్టల సంఖ్యలో ఉంటుంది. వీటిలో తీగ మందం నాలుగో ఘాతంగా పనిచేస్తుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 7 మిల్లీమీటర్ల తీగ బదులు 7.5 వాడితే గట్టిదనం 30 శాతం పైన పెరుగుతుంది. అందుకే కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగుల మధ్య అంత తేడా. కొనేటప్పుడు దుకాణానికి వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు.

స్ప్రింగు సరిపోయాక రంధ్రం సంగతి చూడాలి. డ్యాంపర్ రాడ్డు ఫోర్కులకు కవాటపు గుణం ఇచ్చే ఎమ్యులేటర్ అనే చిన్న పరికరం ఉంది. అమెరికా కంపెనీ రేస్ టెక్ దీనికి పేరు తెచ్చింది. బొటనవేలంత ఉండే ఈ కవాటాన్ని డ్యాంపర్ రాడ్డు పైన కూర్చోబెడితే పెద్ద స్ప్రింగు ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. రాడ్డు అడుగున ఉన్న పాత రంధ్రాలను డ్రిల్లుతో బాగా పెద్దవి చేస్తారు, అక్కడ నిరోధం ఏమీ మిగలకూడదు. నూనె ఇక ఎమ్యులేటర్ దారినే పోవాలి. మెల్లగా వస్తే అందులోని సన్నటి కన్నం చాలు. వేగంగా వస్తే చిన్న స్ప్రింగు పట్టుకున్న మూత తెరుచుకుంటుంది. డ్రిల్ చేసిన రాడ్డు మళ్లీ పాతదవదు కాబట్టి ఇంకో రాడ్డు జత సంపాదించి దాని మీదే పని చేయడం మేలు. ఎమ్యులేటర్ చూసుకునేది ఫోర్కు దిగేటప్పటి కదలికనే. ఫోర్కు తిరిగి లేచేటప్పుడు మాత్రం రాడ్డు పై భాగంలోని పాత రంధ్రాలే పనిచేస్తాయి, అక్కడ నూనె చిక్కదనం ఒక్కటే మన చేతిలో ఉన్న మార్గం. చిక్కటి నూనెకు తగిన చోటు ఇదే. సన్న గొట్టాల చిన్న బండ్లకు ఎమ్యులేటర్ సైజు దొరకడం కష్టం. దొరక్కపోయినా సరైన స్ప్రింగు, కొత్త నూనె, సరైన నూనె మట్టం, ఈ మూడింటితో చాలా దూరం వెళ్లొచ్చు.

వెనక పని ఇంకాస్త తేలిక, మోసాలు కూడా అక్కడే ఎక్కువ. పాత షాక్ అబ్జార్బర్లలో నూనె, గాలి ఒకే గదిలో ఉంటాయి. గతుకుల రోడ్డు మీద ఎక్కువసేపు నడిస్తే రెండూ కలిసి నురగ అవుతాయి, నురగ కన్నాల్లోంచి నిరోధం లేకుండా జారిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియాన్ బూర్సియే ద కార్బాన్ 1950ల్లో నూనెను ఎక్కువ ఒత్తిడి గల వాయువుతో నొక్కి ఉంచే పద్ధతి తెచ్చాడు. నూనెకూ వాయువుకూ మధ్య తేలే పిస్టన్ ఉంటుంది కాబట్టి అవి కలవవు. నైట్రోజన్ వాడేది అందులో తేమ ఉండదు కాబట్టి. గ్యాస్ షాక్ అబ్జార్బర్ కొనేటప్పుడు పక్కన బిగించిన గ్యాస్ డబ్బా చూసి మురిసిపోకండి, కొన్నింటికి అది అలంకారం మాత్రమే. రెండు కన్నుల మధ్య పొడవు పాతదానికి సమానంగా ఉండాలి. పొడుగైతే వెనక లేచి, ముందు ఫోర్కు నిటారుగా అయి, హ్యాండిల్ నిలకడ తగ్గుతుంది. స్ప్రింగును మీరు రోజూ వెళ్లే బరువుకు ఎంచుకోండి, డబుల్స్‌కు ప్రీలోడ్ రింగు తిప్పుకోండి. వెనక కూర్చున్నవాళ్ల బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. ఆ రింగు తిప్పకపోతే హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తుంది.

చివరగా ఫోర్కు గొట్టానికి సన్నటి ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి బిగించి సీలు దాకా జరపండి. రోజూ వెళ్లే దారిలో, రోజూ పడే గుంతల మీదుగా వెళ్లి రండి. టై ఎక్కడ ఆగిందో అదే ఫోర్కు దిగిన అత్యధిక లోతు. అడుగుకు ఇంకా 15, 20 మిల్లీమీటర్లు మిగిలితే మంచిదే. పూర్తిగా అడుగు తాకుతుంటే స్ప్రింగు జోలికి వెళ్లకండి. ఫోర్కును పూర్తిగా నొక్కి, స్ప్రింగు తీసి, గొట్టం అంచు నుంచి నూనె దాకా ఎంత ఖాళీ ఉందో కొలిచి, మట్టం 10 మిల్లీమీటర్లు పెంచండి. పైనున్న గాలి గది ఇరుకై, ఆఖరి అంగుళంలో గాలే స్ప్రింగులా ఎదురు నిలుస్తుంది. టైని మళ్లీ సీలు దగ్గరికి జరిపి అదే గుంత మీదుగా మరోసారి వెళ్లి చూడండి.