వార్తల్లో పదం: మెర్కంటైల్ పద్ధతి

ఆదాయపు పన్ను చట్టం-2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. చట్టం మారినా చిన్న కంపెనీలకు లెక్కల పద్ధతే కీలకం.

ఏమిటిది?
డబ్బు చేతికొచ్చినప్పుడు ఆదాయంగా రాస్తే నగదు పద్ధతి. రావాల్సిన హక్కు ఏర్పడగానే రాస్తే మెర్కంటైల్ పద్ధతి. రాజుపాలెం మండలంలో శనగలు కొని ప్రొద్దుటూరులో పప్పు ఆడించే మిల్లు ఉందనుకుందాం. మార్చిలో రూ.10 లక్షల సరుకు అరువుకిచ్చింది, డబ్బు మేలో వచ్చింది. మెర్కంటైల్‌లో అది మార్చి ఆదాయమే. చేతికి పైసా రాకముందే పన్ను లెక్కలోకి ఎక్కుతుంది.

ఎవరికి తప్పనిసరి?
సొంత వ్యాపారులు, భాగస్వామ్య సంస్థలు రెంటిలో ఒకటి ఎంచుకుని ఏటా అదే పాటించాలి. రెండూ కలిపిన మిశ్రమ పద్ధతి 1997-98 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి చెల్లదు. ప్రైవేట్ లిమిటెడ్‌గా మారితే ఎంపిక ఉండదు. కంపెనీల చట్టం-2013లోని 128వ సెక్షన్ ప్రకారం మెర్కంటైల్, జంట పద్దు తప్పనిసరి.

మినహాయింపు
మెర్కంటైల్‌లో ఖర్చునూ బాకీ పడగానే రాస్తారు; కానీ 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 43బి సెక్షన్ కింద పన్నులు, బ్యాంకు వడ్డీ వంటివి కడితేనే ఖర్చు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి సూక్ష్మ, చిన్న తయారీదారుల బిల్లులూ ఇందులో చేరాయి. ఒప్పందం లేకుంటే 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45 రోజులు గడువు. ఉదాహరణకు గోతాల తయారీదారుకు మిల్లు పడ్డ బాకీ గడువు దాటితే, కట్టిన ఏడాదిలోనే ఆ ఖర్చు చూపాలి.

అమెరికాలో స్థూల రాబడి పరిమితి దాటని కార్పొరేషన్లకు నగదు పద్ధతి అనుమతిస్తారు. మన చిన్న కంపెనీలకు ఆ వెసులుబాటు లేదు. అందుకే అరువు అమ్మకాలు పెంచే ముందే పన్నుకు నగదు పక్కన పెట్టుకోవాలి.